నలభై మూడు దండలు

పూర్వం ఒక రాజ్యంలోని గణిత పీఠంలో త్రివిక్రమభట్టు ప్రసంగించాడు. ఆయన చెప్పినదాన్ని ఎవరూ కాదనలేకపోతే పీఠాధిపత్యం ఆయనదేనని రాజుగారి మాట.

“ఏ సంఖ్యనైనా దాని తర్వాతి సంఖ్యతో గుణించి, నలభై ఒకటి కలపండి. వచ్చినదాన్ని ఒక్కొక్కటిగా తప్ప సమభాగాలుగా పంచలేరు. ముప్పై దాకా సరిచూశాను” అన్నాడు.

సభకు పూలదండలు తెచ్చిన గవరమ్మ కాసేపు ఆలోచించి ముందుకొచ్చింది.

“నలభై ఒకటితో చూడండయ్యా. నలభై ఒక్కేసి పూలతో నలభై రెండు దండలు. మీరు కలపమన్నది ఇంకో దండ. మొత్తం నలభై మూడు, అన్నీ సమానమే కదా?”

పండితులు లెక్కవేసి తలలూపారు.

“ముప్పై దగ్గరే ఆగిపోయానమ్మా” అంటూ భట్టు ఆమెకు నమస్కరించాడు.

ఆ తర్వాత పండితులెవరైనా, గవరమ్మ వచ్చిందో లేదో కనుక్కున్నాకే ప్రసంగం మొదలుపెట్టేవారు.