గేటు దాకా

సైనిక అకాడమీలో చేరిన దగ్గర్నుంచి ధనరాజుకి సరిగా నిద్ర లేదు. భావనపాడు దగ్గర జాలరిపేటలో పుట్టినవాడు. సముద్రం హోరు వింటూ పడుకోవడమే అలవాటు. ఇక్కడ చుట్టూ కొండలు. గాలి కూడా చప్పుడు చెయ్యదు.

మొదటి ఏడాది వాళ్ళకి అక్కడ నడక లేదు. భోజనానికైనా పరుగే. తప్పు ఒకడు చేస్తే శిక్ష అందరికీ. ఆ వారం ధనరాజు తుపాకిలో దుమ్ము కనబడింది. జట్టు మొత్తం వీపున బరువులతో కొండ ఎక్కి దిగింది. ఎవరూ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆదివారం ఫోన్లో అమ్మ, "తిన్నావేట్రా?" అంది.

"తిన్నానే," అన్నాడు. వెంటనే ఫోను పెట్టేశాడు.

మర్నాడు, ఇంటికి వెళ్ళిపోతానని పైవాళ్ళకి చెప్పేశాడు. వాళ్ళూ సరేనన్నారు.

ఇనప్పెట్టె సర్దుకుని, డ్రిల్లు నేర్పే సుబేదారు మస్తాన్ వలీ దగ్గరికి వెళ్ళాడు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు. కంభం మనిషే అయినా, ఆయన నోట తెలుగు ఎవరూ వినలేదు. అంతా హిందీయే.

"వెళ్ళొస్తాను ఉస్తాద్. నావల్ల కాలేదు."

ఉస్తాద్ వంగి, పెట్టె ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు.

"అయ్యో, నేను మోసుకుంటాను!"

"గేటు దాటేదాకా మీరు మొదటి ఏడాదే సాబ్. పరిగెత్తండి," అన్నాడు ఉస్తాద్, హిందీలోనే.

ధనరాజు పరిగెత్తాడు. నెరిసిన మీసాల ఉస్తాద్, నెత్తిన పెట్టెతో, పక్కనే పరిగెత్తాడు.

గేటు బయట, స్టేషనుకి వెళ్ళే బస్సు ఆగి ఉంది. ఉస్తాద్ పెట్టె దించి రొప్పుతూ నిలబడ్డాడు. దుమ్ము పట్టిన బస్సు రేకు మీద అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు తియ్యలేదు.

"మా ఊరికి పోవాలన్నా ఇదే బస్సు," అన్నాడు, తెలుగులో. "మనవరాలికి మాటలొచ్చినయ్యంట. నేనింకా విన్లా."

ధనరాజు ఆయన మొహంలోకి చూశాడు. ఆయన చూపు రోడ్డు చివర ఎక్కడో ఉంది.

"ఇన్నేళ్ళయినా మీకు ఇంటి మీద బెంగ పోలేదా ఉస్తాద్?"

"అది పోతే, ఇంక కాపలా కాసేది దేనికి అబ్బాయ్?"

కండక్టరు ఈల నోట్లో పెట్టుకుని ధనరాజు వైపు చూశాడు. ధనరాజు కదల్లేదు.

బస్సు వెళ్ళి కొండమలుపు తిరిగేదాకా ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు.