సేనాపతికి రెండు దండాలు

ఏటి మీద పొగమంచు మీగడలా పరుచుకున్న ఉదయం సేనాపతి రణకేతు పడవెక్కాడు. సైనికుడు కనబడితే, కనుమరుగయ్యేదాకా అందరూ పని ఆపి చేతులు జోడించి నిలబడాలని ఊరూరా దండోరా వేయించింది ఆయనే.

పడవ నడిపే పైడమ్మ గట్టు నుంచి ఒక్క తోపు తోసి, తెడ్డు పక్కన పెట్టి, చేతులు జోడించి నిలబడింది. పడవ కలలోకి జారినట్టు మంచులోకి జారింది. గట్లు రెండూ కరిగిపోయాయి. ఎక్కడో నీటికోడి కూసింది.

"తెడ్డు వెయ్యవేమే?" అన్నాడు సేనాపతి.

"మీరు ఎదురుగా ఉన్నారు కదా దొరా. జోడించిన చేతులతో తెడ్డు ఎలా పట్టను?"

"నేనే చెబుతున్నా, చేతులు దించు."

"నిన్న నీళ్ల బిందె దించి దండం పెట్టేసరికి ఆలస్యమైందని మా అక్కను మీవాళ్లు కొరడాతో కొట్టారు. నాకు భయం దొరా."

దిగువన జలపాతం హోరు, నిద్రలో విన్నట్టుగా, మెల్లగా దగ్గరవుతోంది. సేనాపతి తెడ్డు అందుకున్నాడు. చెమటలు కక్కుతూ పడవను గట్టుకు చేర్చాడు.

పైడమ్మ దిగి మళ్లీ చేతులు జోడించింది.

"ఇంకా ఎందుకే?" అన్నాడాయన విసుగ్గా.

"ఇందాకటి దండం మీ కొరడాకు దొరా. ఇది నన్ను గట్టుకు చేర్చినందుకు. దీనికి దండోరా అక్కర్లేదు."