వానలో బొల్లయ్య గంట

కొర్రలగుట్ట కింద జంతువుల పేటలో తెల్లారిందని చెప్పేది కోడిపుంజు కాదు, సైకిలు గంట. పేటలో ఉన్న ఒక్క పుంజూ పక్కూరికి ఇల్లరికం వెళ్లిపోయాక ఆ పని మేకపోతు బొల్లయ్య మీద పడింది. మేకకి సైకిలేమిటని అడక్కండి. ఐసుఫ్రూట్లు అమ్ముకునేవాడొకడు టైరు పంక్చరై, విసుగెత్తి, గుట్ట మలుపులో వదిలేసి పోయిన సైకిలది. ముందు కాళ్లు హ్యాండిల్ మీద, వెనక కాళ్లు పెడళ్ల మీద వేసి దాన్ని లొంగదీసుకోవడానికి బొల్లయ్యకి ఓ వేసవంతా పట్టింది. మోకాళ్ల మీద గాట్లు ఇప్పటికీ ఉన్నాయి. అడిగితే చూపిస్తాడు. అడక్కపోయినా చూపిస్తాడు.

పని చిన్నదే. తెలవారుతూనే గుట్ట చుట్టూ తిరిగి, పొదల్లో ఎవరూ పొంచి లేరని చూసుకుని, ఒక్కో గుమ్మం ముందు గంట కొట్టాలి. మొదట గేదె కాటుకమ్మ కొట్టం, చివర కోడి చుక్కమ్మ గూడు. గంట మోగితే దారి బాగుందని అర్థం. మోగకపోతే గడియ తీయకూడదు, ఎవరి గొంతు వినబడినా తీయకూడదు. దేనికీ జడవని కాటుకమ్మ కొట్టానికి తప్ప అన్ని గుమ్మాలకీ ఇదే కట్టుబాటు. పెట్టింది చుక్కమ్మే. ఒకసారి మేక గొంతు విని తలుపు తీసింది. పిలిచింది మేక కాదు. ఆ రోజు పోయిన పిల్లలు గుర్తొస్తే ఇప్పటికీ గింజలు ముందు పెట్టుకుని తినకుండా నిలబడిపోతుంది.

ఆ పిలిచిందెవరో పేటంతటికీ తెలుసు, కానీ ఆ చీకట్లో మొహం చూసినవాళ్లే లేరు. నక్క మెత్తయ్య మాత్రం తాను మాంసం మానేసి చాన్నాళ్లయిందనీ, వాగులో ఎండ్రకాయలు తప్ప ముట్టడం లేదనీ కనబడిన ప్రతివాళ్లకీ చెప్పుకుని తిరుగుతున్నాడు.

బొల్లయ్యకి ఎండంటే లెక్కలేదు, చలంటే లెక్కలేదు. వానంటే మాత్రం పై ప్రాణం పైనే పోతుంది. ఒక్క చినుకు వీపు మీద పడితే ఒళ్లంతా జలదరించి, ఎక్కడ చూరు కనిపిస్తే అక్కడ దూరతాడు. మేకజాతి అంతా అంతేననుకోండి. కానీ మేకజాతి అంతా గంట కొట్టే పని ఒప్పుకోలేదు కదా.

ఆషాఢం వచ్చింది. ముసురు పట్టింది. ఆ పొద్దున బొల్లయ్య సైకిలు పట్టుకుని చూరు కింద నిలబడి, వాన వైపు అప్పులవాణ్ణి చూసినట్టు చూస్తున్నాడు. అంతలో చేమాకు గొడుగులా పట్టుకుని మెత్తయ్య వచ్చాడు.

"ఏం బావా, బయల్దేరుతున్నావా?"

"చూస్తున్నా."

"చూడ్డానికేముంది, ఆకాశానికి చిల్లు పడింది. ఈ తడిలో బ్రేకులు పట్టవు. పల్లంలో జారితే కొమ్ములు విరుగుతాయి. ఆపైన ఆ గడ్డం ఒకటి. తడిసిన గడ్డం ఆరడమంటే మాటలా?"

"చుక్కమ్మ పిల్లలు ఎదురుచూస్తుంటారు."

"ఒక పూట ఆలస్యమైతే కొంపలు మునగవులే. తగ్గాక వెళ్దువుగాని."

బొల్లయ్యకి కావలసింది సరిగ్గా ఆ మాటే. సైకిలు గోడకి ఆనించి, ఎండుగడ్డిలో ముడుచుకుని పడుకున్నాడు. వాన తగ్గింది, కానీ సాయంత్రానికి తగ్గింది. అప్పుడు వెళ్లి గంట కొడితే చుక్కమ్మ గడియ తీసి బయటికొచ్చింది. వెనకే పిల్లలు తూలుతూ వచ్చి, నేల మీద ఏది కనబడితే అది పొడుచుకుతిన్నారు.

"పొద్దుటినుంచీ నూకగింజ లేదు బొల్లయ్యన్నా," అంది చుక్కమ్మ. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదనిపించింది బొల్లయ్యకి. "రేపూ వానొస్తే మా గతేమిటి?"

"రేపటి సంగతి రేపు చూద్దాంలే చెల్లెమ్మా."

తిరిగొస్తుంటే కొట్టం ముందు కాటుకమ్మ నెమరేస్తూ కనిపించింది. పొద్దున్నుంచీ వానలోనే ఉన్నట్టుంది, ఒళ్లంతా నిగనిగలాడుతోంది.

"వానలో నువ్వెలా తిరుగుతావత్తా?" అని అడిగాడు బొల్లయ్య.

"తిరగడానికేముందిరా అబ్బీ. తడిసేదాకే దాని గోల. మొత్తం తడిశావనుకో, ఇంక అది నిన్నేం చేస్తుంది?"

"నువ్వు గేదెవి, నీకలాగే ఉంటుంది."

"చూరు కిందనుంచి చూస్తే నాకూ ఇష్టముండదురా. అందుకే చూడను, పోతాను."

మర్నాడు వాన మరీ పెరిగింది. బొల్లయ్య నిజంగానే ప్రయత్నించాడు, ఆ మాట చెప్పాలి. సైకిలు చూరు అంచుదాకా తెచ్చాడు. ముందు టైరు వానలోకి తోశాడు. ఒక గిట్ట బయట పెట్టాడు. చినుకు పడింది. గిట్ట వెనక్కొచ్చింది, టైరు వెనక్కొచ్చింది, బొల్లయ్య గడ్డిలోకొచ్చాడు. సిగ్గేసింది, కానీ గడ్డి వెచ్చగా ఉంది.

మెత్తయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"రాత్రంతా నిద్ర లేదు బావా. ఆ పసివాళ్ల ఆకలి తలుచుకుంటే గుండె తరుక్కుపోతోంది."

"నాకూ అలాగే ఉంది."

"నువ్వు తడిస్తే జ్వరమొస్తుంది. నువ్వు మంచాన పడితే పేట దిక్కులేనిదైపోతుంది. ఒక పని చెయ్యి. గంట ఊడదీసి ఇటివ్వు. నేనే గుమ్మం గుమ్మానికీ వెళ్లి మోగించి, తెచ్చిచ్చేస్తాను."

"నువ్వా?"

"నేనే. నా పేరు పాడైందని నాకు తెలుసు. మంచిపని చేస్తే కదా బాగుపడేది. అవకాశమివ్వవా?"

మామూలు రోజైతే బొల్లయ్య కొమ్ములతో సమాధానం చెప్పేవాడు. కానీ పడుకోవాలని ఉన్నవాడికి ఎంత మాటైనా నమ్మబుద్ధేస్తుంది. మర తిప్పి గంట ఊడదీశాడు. ఇస్తూ "జాగ్రత్త, తుప్పు పడుతుంది" అన్నాడు. దాని విలువ ఆ పొద్దున అతనికి అంతవరకే తట్టింది.

కాసేపటికి గడ్డి మీద నీడ పడింది. చూస్తే కాటుకమ్మ.

"బతికే ఉన్నావా? గంట వినబడకపోతే చూసిపోదామని వచ్చా."

"వినబడకపోవడమేమిటత్తా? మెత్తయ్యకిచ్చి పంపానుగా. మొదటి గుమ్మం నీదే."

"నా గుమ్మానికి ఎవరూ రాలేదే."

బొల్లయ్య లేచి నిలబడ్డాడు. చూరు దాటి బురదలో నక్క అడుగులు పడి ఉన్నాయి. అవి కొట్టం వైపు పోలేదు. ఎటూ తిరక్కుండా చింతచెట్ల బాట పట్టాయి. ఆ బాట పోయేది ఒక్క గూటికే.

బొల్లయ్య సైకిలు హ్యాండిల్ పట్టుకున్నాడు. గంట మోగుతుంది. చుక్కమ్మ గడియ తీస్తుంది. ఆమె తీసేది గంటని నమ్మి, గంట వెనక తనని నమ్మి.

"నేను రానా?" అంది కాటుకమ్మ.

"నువ్వొచ్చేసరికి అయిపోతుందత్తా."

సైకిలెక్కాడు. మొదటి చినుకు వీపు మీద పడింది. ఒళ్లు జలదరించింది. రెండోది మెడ మీద, మూడోది సరిగ్గా కంట్లో. వెనక వెచ్చటి చూరు ఇంకా రమ్మని పిలుస్తున్నట్టే ఉంది. వెనక్కి తిరగకుండా తొక్కాడు. చెవుల్లోకి నీళ్లు పోయాయి, గడ్డం ముద్దై గుండెలకంటుకుంది, బురద చిమ్మి కడుపంతా పట్టింది. మలుపు తిరిగేసరికి తడవడానికి ఒంటిమీద పొడిచోటంటూ మిగల్లేదు. అప్పుడు తెలిసింది అత్త మాట. వాన ఇంకా కురుస్తూనే ఉంది, కానీ దానికిక తనతో పనిలేదు. ఒళ్లు వేడెక్కింది. ఇన్నేళ్లూ భయపడింది దీనికా అని నవ్వొచ్చింది, అంత కంగారులోనూ.

గూటికి దారులు రెండు. చింతచెట్ల బాట చుట్టూ తిరిగి పోతుంది. వాగు బాట దగ్గర, కాకపోతే చప్టా మీదినుంచి నీళ్లు పారుతున్నాయి. బొల్లయ్య వాగులోకే దింపాడు. పెడళ్లు మునిగాయి, సైకిలు పక్కకి ఒరిగింది. పళ్లు బిగించి తొక్కి అవతల ఒడ్డెక్కాడు. అక్కడినుంచి చూస్తే దూరంగా మెత్తయ్య కనిపించాడు. తీరిగ్గా ఒక చెట్టు కింద ఆగి, తోక దులుపుకుని, చేమాకు సర్దుకుని, ఇంకో చెట్టు కిందికి పోతున్నాడు. తొందరెందుకు? మేక వానలో బయటికి రాదని అతనికి గట్టి నమ్మకం.

బొల్లయ్య గూడు చేరి తలుపు మీద కొమ్ముతో కొట్టాడు.

"చుక్కమ్మా, నేను, బొల్లయ్యని. నక్క గంట పట్టుకుని వస్తున్నాడు. మోగినా తలుపు తీయకు."



"గంటేది?" అంది చుక్కమ్మ.

"నక్క దగ్గరుంది."

"గంట లేనివాడి మాట వినకూడదని మా కట్టుబాటు."

"నా గొంతు గుర్తుపట్టలేదా?"

"గొంతు నమ్మి ఒకసారి చెడ్డాను. అదీగాక మా బొల్లయ్యన్న వానలో బయటికి రాడు. ఈ మాట నిన్న పుట్టిన పిల్లనడిగినా చెబుతుంది. నువ్వే నక్కవి, పో."

లోపలినుంచి కోడిపిల్లలన్నీ ఒక్కసారి "పో, పో" అన్నాయి.

ఇంకెవరైనా ఆ మాటంటే కొమ్ములు విసిరేవాడే. కానీ ఆమె అన్నది నిజం. ఆ పేరు తెచ్చుకున్నది తానే. తలుపు ముందు నిలబడి ఎంత మొత్తుకున్నా లాభం లేదు, మెత్తయ్య వచ్చేవేళయింది. బొల్లయ్య చుట్టూ చూశాడు. గూటి ఎదురుగా ఏటవాలు మిట్ట. మిట్ట మీదినుంచి గుమ్మందాకా నున్నటి ఎర్రబురద. గుమ్మం పక్కనే గట్టు, గట్టు కింద వాగు. నిన్న నక్క చెప్పిన సాకులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తడిలో బ్రేకులు పట్టవు. పల్లంలో జారుతుంది.

"జారాలి మరి," అనుకుని సైకిలు తోసుకుంటూ మిట్టెక్కి, తుప్ప చాటున నిలబడ్డాడు.

మెత్తయ్య వచ్చాడు. చేమాకు పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, గంట మోగించాడు.

"చెల్లెమ్మా, తలుపు తియ్యి. దారి బాగుంది." అచ్చం బొల్లయ్య గొంతే. పైనుంచి వింటున్న బొల్లయ్యకే ఒళ్లు మండింది.

"వస్తున్నానన్నా," అంది చుక్కమ్మ. మళ్లీ ఆగింది. "ఇందాక ఒకడొచ్చాడు. గంట లేదు, కానీ నీ పేరే చెప్పాడు."

మెత్తయ్య ఒక్క క్షణం తడబడ్డాడు. "ఇంకెవడు, ఆ నక్కే అయ్యుంటాడు."

"నేనూ అదే అనుకున్నా. కానీ అన్నా, నువ్వెప్పుడూ వానలో రావే?"

"పిల్లల ఆకలి చూడలేక వచ్చానమ్మా. గడ్డం చూడు, ఎలా తడిసిపోయిందో." లేని గడ్డం నిమురుకుంటూ ఏడుపు గొంతు పెట్టాడు.

ఆ మాటకి తల్లి మనసు కరిగింది. గడియ కదిలిన చప్పుడైంది. మెత్తయ్య గంట కింద పడేసి, నోరు తడుపుకుని, వంగాడు.

అప్పుడు బొల్లయ్య సైకిలెక్కి మిట్ట మీదినుంచి పల్లానికి వదిలేశాడు. బురద మీద సైకిలుకి చప్పుడుండదు. మెత్తయ్య వెనక్కి తిరిగి చూసేసరికి రెండు కొమ్ములు, ఒక ముద్దగడ్డం, వాటి వెనక చక్రాలు, అన్నీ కలిసి మీదికొచ్చేస్తున్నాయి.

"నువ్వు వానలో రావు కదా బావా," అన్నాడు మెత్తయ్య. అంతకంటే మంచి మాట తోచలేదు పాపం.

కొమ్ములు తగలవలసిన చోటే తగిలాయి. మెత్తయ్య చేమాకుతో సహా గాల్లోకి లేచి, గట్టు దాటి, వాగులో పడ్డాడు. బొల్లయ్య గట్టంచున మన్నులో కూరుకుని ఆగాడు. కిందినుంచి ఉక్కిరిబిక్కిరిగా ఒక గొంతు, ఈసారి అచ్చం నక్క గొంతే, వినిపించింది.

"చంపుతావా ఏమిటి?"

"నేనేం చెయ్యను మెత్తయ్యా, నువ్వు చెప్పిందంతా నిజమే," అన్నాడు బొల్లయ్య. "బ్రేకులు పట్టలేదు."

వాగు మెత్తయ్యని తీసుకుపోయింది. ఎండ్రకాయల దగ్గరికే తీసుకుపోయింది. ఆ తర్వాత చాలాసేపు అటువైపునుంచి అరుపులు వినిపించాయి.

తలుపు సందులోంచి చుక్కమ్మ ముక్కు బయటపెట్టింది. నఖశిఖపర్యంతం బురదలో నిలబడిన మేకని చూసింది, పక్కన పడి ఉన్న గంటని చూసింది. అంతా అర్థమైంది.

"ఇందాక వచ్చింది నువ్వేనా అన్నా? నిన్ను పొమ్మన్నాను."

"మంచిపని చేశావు. నక్క చేతికి గంట ఇచ్చినవాణ్ణి అలాగే అనాలి." బొల్లయ్య గంట తీసి, గడ్డంతో తుడిచి, సైకిలుకి బిగించాడు. ఒకసారి మోగించాడు. లోపలి పిల్లలు తోసుకుంటూ వానలోకే పరుగెత్తుకొచ్చి, మెత్తటి నేలలో వానపాముల కోసం కాళ్లతో కెలకడం మొదలుపెట్టారు. ఒకడు బొల్లయ్య గిట్ట మీదికెక్కి, "మామా, నువ్వు వానలో వస్తావా?" అన్నాడు.

"వస్తానురా," అన్నాడు బొల్లయ్య.  ఆ మాట అనగలిగినందుకు అతనికి కొండెక్కినంత సంతోషమైంది.

మర్నాడూ వానే. బొల్లయ్య సైకిలు పట్టుకుని చూరు కిందికొచ్చాడు. మొదటి చినుకుకి ఒళ్లు జలదరించనే జలదరించింది, మేక మేకే కదా. కానీ ఆకాశం వైపు చూస్తూ కూర్చోలేదు. చక్రాలు బురద చిమ్ముతుంటే, గడ్డంలోంచి నీళ్లు కారుతుంటే, గుమ్మం గుమ్మానికీ గంట మోగించుకుంటూ ఊరేగింపులా తిరిగాడు. కొట్టం ముందు కాటుకమ్మ తోకతో సలాం కొట్టింది. గుట్ట వెనక రాతి కింద, వాచిన ముక్కుతో ముడుచుకుని పడుకున్న మెత్తయ్య ఆ గంట విని, బయట పెట్టిన కాలు లోపలికి లాక్కున్నాడు.

వాన తగ్గాక బయల్దేరదామని కూర్చున్నవాడి గంట, తగ్గేలోగా ఎవడో ఒకడు మోగిస్తాడు.