మంచు ఆరేలోపు

అనగనగా వానకి అలకెక్కువైన ఒక ఊళ్ళో తిప్పమ్మ అని ఒకావిడ ఉండేది. కళ్ళు మూసుకుని విను నాన్నా, నోరు కూడా.

ఆ ఊళ్ళో శరత్కాలమంటే ఆకులు రాలడం కాదు. చెట్లుంటే కదా రాలడానికి. మధ్యాహ్నం ఎండ మాడు పగలగొట్టేది. తెల్లవారుజామున మాత్రం దుప్పటి కోసం కాళ్ళతో వెతుక్కునేవాళ్ళు. శరత్తు వచ్చిందనడానికి అదే గుర్తు. అప్పుడే వేరుసెనగ పీకే రోజులు.

తిప్పమ్మకీ పక్కవాళ్ళలాగే పాతిక సెంట్ల వేరుసెనగ చేను. మొగుడేమో కాలు విరిగి మంచం మీద ఉన్నాడు. రెండేళ్ళుగా పంట పోయి, ఉన్నది కాస్తా ఈ ఏడు విత్తేశాక ఇంట్లో విత్తనానికి ఒక్క గింజ మిగల్లేదు. ఈ కాయ కూడా చేతికి రాకపోతే వచ్చే ఏడు చేను బీడే.

కాయ ముదిరింది, వాన రాలేదు. నేల పెంకులా బిగుసుకుంది. పీకితే చెట్టు వస్తుంది, కాయలు తెగి భూమిలోనే ఉండిపోతాయి. ఇంకో వారం ఆగితే కాడలు పుచ్చి అసలే రావు.

ఆ ఊళ్ళో ఎవరైనా ఇంటి పని ముగించి, సంగటి తిని, పొద్దెక్కాకే చేలోకి దిగేవాళ్ళు. తిప్పమ్మా అలాగే వెళ్ళి ఒక చెట్టు పీకింది. నాలుగు కాయలొచ్చాయి. ఆ తర్వాత రోజు పీకింది. రెండే వచ్చాయి.

మూడో రోజు దిగులుతో నిద్ర పట్టక, తెల్లారకముందే వెళ్ళి గట్టు మీద కూర్చుంది. చీర అంచు తడిసింది. చూస్తే మంచు, నేల పైపైన మెత్తబడింది. అప్పుడు ఒక చెట్టు మొదలు పట్టుకుని మెల్లగా లాగింది. పదహారు కాయలు గుత్తిగా వచ్చాయి.

మంచు ఎంతసేపుంటుంది? బారెడు పొద్దెక్కితే ఆరిపోతుంది. ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. అందుకని పరుగున పక్క చేలవాళ్ళ దగ్గరికి పోయింది. ఒకామె బయమ్మ, పెద్దావిడ, మాట కారం. రెండోది సాలమ్మ.

"మంచుకు చెరువులు నిండుతాయేమే పిల్లా?" అని నవ్వింది బయమ్మ.

"నవ్వు, కానీ తెల్లారుజామున రా అత్తా."

వచ్చారు, చూశారు, ముగ్గురూ ముయ్యి పెట్టుకున్నారు. ముయ్యి అంటే ఈరోజు నీ చేలో నేను, రేపు నా చేలో నువ్వు. ఎవరి కాయ ఎక్కువ ముదిరితే వాళ్ళ చేను ముందు. అలా మొదటి తెల్లవారుజామున బయమ్మ చేను పీకి ఆరబెట్టారు. ఆ తర్వాత రోజు సాలమ్మది. ఇక మిగిలింది తిప్పమ్మది.

మూడో రోజు ఆకాశమంతా మబ్బు పట్టింది. మబ్బు పడితే మంచు పడదు. చెట్టు లాగితే రెండే కాయలు. తిప్పమ్మకి ఏడుపొచ్చింది.

అంతలో తూర్పున ఉరిమింది. నలభై రోజులు పిలిచిన వాన అది. కురిస్తే తిప్పమ్మ నేల మెత్తబడుతుంది. కురిస్తే పీకి ఆరబెట్టిన ఆ ఇద్దరి కాయా కుళ్ళిపోతుంది.

"రా" అంది తిప్పమ్మ మనసు. నిజంగానే అంది. అన్నందుకు సిగ్గుపడింది కూడా.

ఈరోజు ముయ్యి తిప్పమ్మది, బయమ్మకి సాయం అడిగే మొహం లేదు. తన చేనుకేసి చూస్తూ నిలబడింది.

"చూస్తావేం అత్తా, పద" అని తిప్పమ్మే ముందు పరుగెత్తింది.

బయమ్మ చెట్లన్నీ ఎత్తి ఒక్క కుప్పగా వామి వేశారు, పట్ట కప్పారు. అప్పుడు సాలమ్మ చేలోకి ఉరికి, అక్కడా వామి వేసి పట్ట కప్పారు. గాలి పట్టని లాగేస్తోంది. ఒక మూల తిప్పమ్మ కూర్చుంది, రెండో మూల సాలమ్మ, మూడో మూల బయమ్మ, నాలుగో మూల ఒక బండరాయి. అప్పుడు పడింది వాన.

ఆ మర్నాడు తిప్పమ్మ చేలోకి వెళ్ళేసరికి బయమ్మ అప్పటికే రెండు సాళ్ళు పీకేసింది, ఇంట్లో పొయ్యి కూడా వెలిగించకుండా. మెత్తబడిన నేలలోంచి గుత్తులకి గుత్తులు వచ్చాయి. విత్తనాల కుండ మెడదాకా నిండింది.

కాయ చేరె గంపకి, విత్తు చేరె కుండకి,
కథ నడిచె కంచికి, నువ్వు నడువు నిద్దరకి.