కుడిచేతివైపు స్తూపం

పాకలవలసలో తెలివంతా తమ ఒక్క ఇంట్లోనే ఉందని ఆ ఇంటివాళ్ళు చెప్పుకునేవారు. మరి ఊళ్ళో ఇంకెవరూ ఆ మాట అనరేమంటే, అనడానికైనా తెలివుండాలి కదా అనేవారు.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. మేనత్త నూకాలమ్మ, ఆవిడ చేతులమీద పెరిగిన అన్నదమ్ములు అప్పలకొండ, తవుడు. బెల్లం వండి అమ్ముతారు. అప్పలకొండ లెక్కల్లో దిట్ట. పదిహేడు తొమ్మిదులెంత అంటే నిద్రలో కూడా నూట యాభై మూడు అంటాడు. ఎవరూ అడక్కపోయినా అంటాడు. తవుడు మాట మీద నిలబడే మనిషి. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, అక్షరం తగ్గడు, అక్షరం పెరగడు. ఈ ఇద్దరినీ పెంచింది తను కాబట్టి తెలివికి మూలం తనేనని నూకాలమ్మ నమ్మకం.

ఆ తవుడికి కుసుమ మీద మనసైంది. కుసుమది అనకాపల్లి. ఏటా నాలుగుసార్లు జనాన్ని వెంటబెట్టుకుని నేపాల్ కొండలు ఎక్కించి, క్షేమంగా దింపుతుంది. దారిలో నోట్లో వేసుకోవడానికి బెల్లం ముక్కలు వీళ్ళ దగ్గరే కొనేది. మూడోసారి వచ్చినప్పుడు తవుడు బెల్లం కట్టిస్తూ తన మనసులో మాట కూడా చెప్పేశాడు.

కుసుమ నవ్వింది, కాదనలేదు. "మా నాన్న యలమంచిలి సంబంధం చూశాడు తవుడూ. వచ్చేనెల మొదటి గురువారం మధ్యాహ్నానికి వాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి. ఆ రోజు నేనూ నాన్నా నేపాల్లో కొండమీద లాడ్జిలో ఉంటాం. నాతో బతకాలంటే కొండలెక్కాలి. ఇదిగో, ఈ పుస్తకం నేనే రాశాను. ఇందులో ఉన్నట్టు నడుచుకుని, పన్నెండు కొట్టేలోగా ఆ లాడ్జి గడప తొక్కు. తొక్కావా, నేను నీ ఇంటికొస్తాను. లేకపోతే యలమంచిలి."

పుస్తకం పేరు 'పరాయిదేశంలో కొండలెక్కేవారికి నలభై మాటలు'. తవుడు దాన్ని కళ్ళకద్దుకున్నాడు. రాసింది కుసుమ కాబట్టి ఒక్క మాట కూడా కింద పడకూడదనుకున్నాడు.

"నువ్వొక్కడివే ఏటెళ్తావురా? తెలివైనవాళ్ళం ముగ్గురం ఉండగా!" అంది నూకాలమ్మ. అంతే, ముగ్గురూ తయారయ్యారు.

మొదటి మాట: కొత్త బూట్లు కొనండి, ప్రయాణానికి ముందు పదిహేను రోజులు వేసుకు తిరగండి. ఇంకేముంది, మూడు జతలు కొన్నారు. బూట్లతోనే బెల్లం వండారు, బూట్లతోనే స్నానం చేశారు, బూట్లతోనే నిద్రపోయారు. పదహారో రోజు పొద్దున నూకాలమ్మ మూడు జతలూ విప్పించి అటకెక్కించేసింది.

తవుడికి చిన్న అనుమానం వచ్చింది. "కొండమీదికి వద్దా అత్తా?"

"ప్రయాణానికి ముందు అని రాసింది పిల్ల. ప్రయాణంలో అని ఉందేటి? నడు, హవాయి చెప్పులేసుకో."

రెండో మాట: సర్దిన సామానులో సగం తీసెయ్యండి. అప్పలకొండ కత్తెర అందుకున్నాడు. దుప్పట్లు అడ్డంగా సగం. స్వెటర్లు నిలువునా సగం. దువ్వెన సగం, గొడుగు సగం. టార్చిలైటు పెట్టి బ్యాటరీలు తీసేశాడు. ఆవకాయ జాడీ దగ్గర నూకాలమ్మ కాసేపు ఆలోచించి, ముక్కలన్నీ ఇంట్లో వదిలేసి పిండి మాత్రం కట్టుకుంది.

రైలెక్కారు, బస్సెక్కారు, సరిహద్దు దాటారు, మళ్ళీ బస్సెక్కారు. మంగళవారం పొద్దున రోడ్డు ఉన్నంత దూరం వెళ్ళి బస్సు ఆగిపోయింది. అక్కణ్ణించి కాలిదారే.

అప్పలకొండ కొండకేసి చూసి లెక్క చెప్పాడు. "పన్నెండువందల మీటర్ల ఎత్తు ఎక్కాలి. రెండు రోజులు. రోజుకి ఆరువందలు. బుధవారం సాయంత్రానికి గడప మీద ఉంటాం."

ఎక్కడం మాత్రం బాగానే ఎక్కారు. సాయంత్రానికి ఆరువందలూ పూర్తిచేసి పెంబా అనే ఆయన టీకొట్టులో కూర్చున్నారు. స్వెటర్ సగమే కాబట్టి తవుడికి కుడిపక్క వెచ్చగా, ఎడమపక్క వణుకుగా ఉంది. పుస్తకం తీసి పద్దెనిమిదో మాట పైకి చదివాడు. అక్కడి పద్ధతి తెలియకపోతే ఇంటివాళ్ళని చూసి, వాళ్ళెలా చేస్తే అలా చెయ్యండి.

పెంబా నలుగురికీ టీ పోసి, తను ఒక గుక్క తాగాడు. టీ సలసలా కాగుతోంది. నాలుక చుర్రుమని ఒంటికాలిమీద గెంతాడు. వెంటనే ముగ్గురూ టీ తాగి, నాలుకలు కాల్చుకుని, ఒంటికాలిమీద గెంతారు.

పెంబా బుర్ర గోక్కున్నాడు. ముగ్గురూ గోక్కున్నారు. పెంబా ఒక అడుగు వెనక్కి వేశాడు. వీళ్ళూ వేశారు.

"ఎంత మర్యాదస్తులో ఈ దేశంవాళ్ళు!" అని నూకాలమ్మ మురిసిపోయింది.

పెంబాకి గుండె జారిపోయింది. తలుపు తోసుకుని కొండ కిందికి లగెత్తాడు. ఇంకేముంది, వీళ్ళూ లగెత్తారు. వాళ్ళు వెంటపడుతున్నారని అతను, అతను ఆగడంలేదని వీళ్ళు. చివరికి పెంబా కింద తన బావమరిది ఇంట్లో దూరి గడియ పెట్టుకున్నాడు. ముగ్గురూ ఆ అరుగుమీదే చతికిలబడ్డారు.

"ఆరువందలు ఎక్కాం, నాలుగువందలు దిగాం. నికరంగా రెండువందలు," అన్నాడు అప్పలకొండ రొప్పుతూ.

"పద్ధతి అయితే తప్పలేదు కదా!" అన్నాడు తవుడు.

బుధవారం చీకటితోనే బయల్దేరారు. తొమ్మిదింటికి ఒక మలుపులో జడలబర్రె ఎదురైంది. మన గేదెకి ఒళ్ళంతా జడలు వేలాడితే ఎలా ఉంటుందో అలా ఉంది. ఇరవయ్యో మాట: జడలబర్రె ఎదురైతే కొండవైపు ఒదిగి నిలబడండి, అది వెళ్ళిపోయేదాకా కదలకండి. ముగ్గురూ కొండకి బల్లుల్లా అతుక్కుపోయారు.

పది అయింది. పదకొండయింది. జడలబర్రె నెమరు వేస్తోంది. ఒంటిగంటకి నూకాలమ్మకి పిక్కలు పట్టేశాయి.

"వెళ్ళవే తల్లీ, నీకు పుణ్యముంటుంది. మా పిల్లోడి పెళ్ళే," అని బతిమాలింది. అది తోకైనా ఊపలేదు.

నాలుగింటికి దాని యజమాని వచ్చాడు. దాన్ని మేకుకి కట్టేసిన తాడు విప్పాడు, తోలుకుపోయాడు.

"తాడుందని నేను తొమ్మిదింటికే చూశాను," అన్నాడు అప్పలకొండ.

"నేనూ చూశాను. కానీ కట్టేసినవాటికి వేరే మాట రాయలేదు కుసుమ," అన్నాడు తవుడు.

పరుగులాంటి నడకతో పొద్దుగుంకేలోగా ఆ రోజు ఆరువందల లెక్క సరిచేసి, దారిలో ఒక ఊళ్ళో పడుకున్నారు. ఇంక మిగిలింది నాలుగువందల మీటర్లు. గురువారం తెల్లారగట్ల లేచి నడిస్తే, సరిగ్గా ఎనిమిదింటికి ఊరి మొదట్లో తెల్లటి స్తూపం కనపడింది. ముందంతా పొగమంచు. ఆ స్తూపానికి వంద అడుగుల అవతలే లాడ్జి అని కుసుమ ముందే చెప్పింది. తవుడి గుండె ఝల్లుమంది. ఇంకా నాలుగు గంటల వ్యవధి ఉంది! సరదాగా పుస్తకం తెరిచాడు.

ఇరవైమూడో మాట: దారిలో స్తూపం వస్తే దాన్ని ఎప్పుడూ మీ కుడిచేతివైపే ఉంచుకుని నడవండి. అది అక్కడివారి మర్యాద.

ముగ్గురూ స్తూపాన్ని కుడిచేతికి పెట్టుకుని నడిచారు. చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చారు. తవుడు లాడ్జివైపు దారిలో ఒక అడుగు వేసి కెవ్వుమన్నాడు.

"అన్నయ్యా! స్తూపం వీపువైపుకి పోయింది!"

"వచ్చెయ్రా! ఎప్పుడూ అని రాసింది, ఎప్పుడూ!"

తవుడు చటుక్కున స్తూపం దగ్గరికి వచ్చేశాడు. అంతే, మళ్ళీ చుట్టు. ఇంకో చుట్టు. దాన్ని వదిలిపెట్టే దారే లేదు. ఒక ముసలావిడ జపమాల తిప్పుకుంటూ వచ్చి, వీళ్ళతోపాటు మూడు చుట్లు తిరిగి, తన దారిన తను వెళ్ళిపోయింది.

"చదువు రాదు పాపం," అని జాలిపడింది నూకాలమ్మ.

చుట్టుకి ఒక నిమిషం. రెండువందల పదమూడో చుట్టులో పొగమంచు విడిపోయింది. ఎదురుగా లాడ్జి. గడపలో కుసుమ!

"కుసుమా, వచ్చేశాం!" అని అరిచాడు తవుడు.

"వస్తే రా మరి!"

"రాలేం!"

"ఏం, కాలు బెణికిందా?"

"కాలు కాదు, కుడిచెయ్యి!"

కుసుమ కంగారుగా మందులపెట్టె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ముగ్గురి కుడిచేతులూ తడిమి చూసింది. సంగతి విని ఆ పెట్టెమీదే కూలబడింది.

"పక్కనుంచి వెళ్ళేటప్పుడు కుడివైపు ఉంచుకోమన్నాను తవుడూ! మొక్కుకునేవాళ్ళకి ఒక్క చుట్టు చాలు. తర్వాత మన దారి మనదే."

అప్పలకొండ ముఖం పాలిపోయింది. "ఒక్క చుట్టేనా? మేం రెండువందల పదమూడు తిరిగాం తల్లీ! రెండువందల పన్నెండు ఎక్కువ పడింది!"

"పడితే పడింది. ఎక్కువైతే ఏం?"

"ఎక్కువైతే ఏమిటా? తూకం ఎక్కువైతే తక్కెడలోంచి తీసెయ్యాలి. ఎక్కువ తిరిగితే విప్పెయ్యాలి."

"విప్పడానికి ఎదురు తిరిగితే స్తూపం ఎడమచేతికి వస్తుందిరా!" అంది నూకాలమ్మ.

తవుడికి ఉన్నట్టుండి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "వెనక్కి నడిస్తే? చుట్టు విడిపోతుంది, స్తూపం కుడిచేతికే ఉంటుంది!"

"నా తండ్రే!" అని నూకాలమ్మ వాడికి మెటికలు విరిచింది.

ఈలోగా కుసుమ తండ్రి జోగినాయుడు చేతిగడియారం చూసుకుంటూ వచ్చాడు. "పన్నెండుకి పావుగంట ఉంది. యలమంచిలివాళ్ళు ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నారు."

"తవుడూ," అంది కుసుమ మెల్లగా. "వంద అడుగులు. వీళ్ళని తిరగనీ. నువ్వొచ్చి గడప తొక్కు."

తవుడు గడపకేసి చూశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఒక్క చుట్టు చాలని నువ్వే అన్నావు. నా ఒంటిమీద రెండువందల పదమూడు ఉన్నాయి. నీ మాట మీరినవాణ్ణి నీ గడప ఎలా తొక్కను కుసుమా?"

కుసుమ తండ్రివైపు తిరిగింది. "గడువు పొద్దుగుంకేదాకా పెంచాను నాన్నా. షరతు పెట్టింది నేనే కదా."

"వీడి కోసమా? నీకూ గాలి సోకిందేమిటే!"

"ఆరువందల మందిని కొండెక్కించాను. ఒక్కడు కూడా ఆ పుస్తకంలో మూడో మాట దాకా చదవలేదు."

అంతే, వెనకడుగు చుట్లు మొదలయ్యాయి. నూకాలమ్మ రెండువందల పన్నెండు గులకరాళ్ళు కొంగులో పోసుకుని, చుట్టుకొకటి కింద పడేసింది. అప్పలకొండ రెండుసార్లు మేకల మందలో పడ్డాడు. తవుడు ఒకసారి ఆ జపమాల ముసలావిడ ఒళ్ళో కూర్చున్నాడు. కుసుమ గడపలో నిలబడి చుట్టు చుట్టుకీ వేళ్ళు మడిచింది. నాలుగున్నరకి ఆఖరి రాయి పడింది.

"అయిపోయింది! సరిగ్గా ఒక్క చుట్టు మిగిలింది!" అన్నాడు అప్పలకొండ.

కుసుమ టీ గ్లాసు ఎత్తి చూపించింది. తవుడు గడపకేసి అడుగు ఎత్తాడు.

"ఆగరా!" అంది నూకాలమ్మ. "కొసరు ఏదిరా? బెల్లం వండే ఇంట పుట్టి, లెక్క ముగిశాక కొసరు వెయ్యకుండా ఎప్పుడైనా కదిలామా? ఇంటి పద్ధతంతా పాతరేసేస్తారా?"

నిజమే కదా. తూకం అయ్యాక చిన్న ముక్క కొసరు వెయ్యనిదే ఆ ఇంట్లో తక్కెడ దించరు. ముగ్గురూ హుషారుగా ఇంకొక్క చుట్టు వెనక్కి తిరిగారు.

తిరిగాక అప్పలకొండ వేళ్ళు మడిచి, విప్పి, మళ్ళీ మడిచి, నెత్తిమీద చేతులు పెట్టుకున్నాడు.

"ఒరే తవుడూ. రెండువందల పదమూడులోంచి రెండువందల పదమూడు పోతే?"

"సున్నా."

"సున్నా చుట్లంటే మనం అసలు స్తూపం దగ్గరికి రానట్టే కదా!"

"ఓలమ్మో!" అంది నూకాలమ్మ. "మరి రానివాళ్ళం ఇక్కడేం చేస్తున్నామురా?"

"అదే కదా తప్పు! ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? పదండి, పదండి! రాత్రి పడుకున్న ఊరికి పోయి, అక్కణ్ణించి కొత్తగా రావాలి!"

ఇంకేముంది, సగం దుప్పట్లు భుజాన వేసుకుని ముగ్గురూ కొండ దిగువకి పరుగు లంకించుకున్నారు. తవుడు పరిగెడుతూనే చెయ్యి ఊపాడు. "టీ మూతపెట్టి ఉంచు కుసుమా!"

వెనకనుంచి జోగినాయుడి గొంతు వినపడింది. "ఏమే, వాళ్ళెక్కడికే?"

"వస్తున్నారు నాన్నా," అంది కుసుమ. "నువ్వు యలమంచిలికి ఫోన్ చేసి వద్దని చెప్పెయ్."

తవుడు పరుగు ఆపకుండానే అన్న వీపు తట్టాడు. "విన్నావా అన్నయ్యా? మనం వస్తున్నామని తనకి ఇట్టే అర్థమైపోయింది!"