నిలువెత్తు కొవ్వొత్తి

అనగనగా కృష్ణ ఒడ్డున ఒక లంక ఊరు. ఆ ఊళ్ళో శౌరమ్మని ఒక అత్తగారు, తెక్లమ్మని ఒక కోడలు. ఊ అంటేనే చెబుతానర్రా, లేకపోతే నేనూ పడుకుంటాను.

శౌరమ్మ మనవరాలు ఆగ్నేసుకి చిన్నప్పుడు పెద్ద జ్వరమొచ్చి కాళ్ళు పడిపోయినాయి. మందులు అయినాయి, పసర్లు అయినాయి, ఏం లాభం లేదు. శౌరమ్మ మరియమాత కొండ ఉన్న దిక్కుకి తిరిగి, పిల్ల లేచి నిలబడితే దాని నిలువెత్తు కొవ్వొత్తి పట్టుకుని కాలినడకన వస్తానని మొక్కుకుంది. పిల్ల లేచింది. లేవడమేంటి, జామచెట్టెక్కి కూచుంది.

మరి మొక్కు? పసుపు తవ్వాక అంది శౌరమ్మ. పసుపు తవ్వారు, మొక్కజొన్న కోశాక అంది. మొక్కజొన్న కోశారు, గేదె ఈనాక అంది. గేదె ఈనింది, మళ్ళీ పసుపు తవ్వకాలొచ్చాయి. ఏళ్ళు దొర్లిపోతుంటే పిల్ల ఊరుకుంటుందా, ములక్కాడలా సాగింది. పిల్లతోపాటు ఇవ్వాల్సిన కొవ్వొత్తీ సాగుతోందని శౌరమ్మ గుండె గుభేలుమంది. మహా పిసినారిలే! మొక్కిన రోజు పిల్ల ఇంతే కదా అని, ఆనాటి ఎత్తుకే పోయించేసింది. తెక్లమ్మ ప్రాణం విలవిల్లాడింది. మొక్కులో కోత పెడితే పిల్ల కాళ్ళకి మళ్ళీ ఏమవుతుందోనని దాని భయం. అత్తకి ఎదురు చెప్పి ఎరగదు పాపం.

ముగ్గురూ బయల్దేరారు. ఎండకి వంగిపోకుండా కొవ్వొత్తికి తడిగుడ్డ చుట్టి, చంటిబిడ్డలా చంకనేసుకుంది శౌరమ్మ. దారంతా జనమే జనం! తలనీలాలు ఇచ్చేవాళ్ళు, జపమాల తిప్పేవాళ్ళు, బొట్టు పెట్టుకున్నవాళ్ళు, పెట్టుకోనివాళ్ళు, అందరూ ఒకళ్ళ మజ్జిగ ఒకళ్ళు తాగుతూ పాడుకుంటూ నడిచారు. కొండ మీద నీలిరంగు పైట వేసుకుని మాత నిలబడి ఉంటే, ఎంత చూసినా తనివి తీరదర్రా. ఊ కొట్టడం మానేశారే?

సగం మెట్లెక్కేసరికి శౌరమ్మ మోకాళ్ళు మొరాయించి కూలబడింది. ఆగ్నేసు వంగి, నాయనమ్మని వీపున వేసుకుని చకచకా ఎక్కేసింది. ఆ వీపు మీద శౌరమ్మకి ఏడుపు ఆగలేదు. ఈ కాళ్ళకా నేను కొలత తగ్గించింది అని కుమిలిపోయింది.

మాత ఎదట నిలబెడితే కొవ్వొత్తి పిల్ల నడుం దాకే వచ్చింది. శౌరమ్మ తలెత్తలేకపోయింది. అప్పుడు తెక్లమ్మ తన మూట విప్పి, ఇంకో తడిగుడ్డ చుట్టిన కొవ్వొత్తి తీసి అత్త చేతిలో పెట్టింది.

"అత్తమ్మా, ఈ మిగతా ముక్క ఇంటి దగ్గర మరిచిపోయి వచ్చారు. నేను తెచ్చాను," అంది.

శౌరమ్మ కోడలి ముఖంలోకి చూసింది. కోడలేమో ఏమీ ఎరగనట్టే నిలబడింది. మైనం కరిగించి రెండూ అతికిస్తే, వత్తి సరిగ్గా పిల్ల నడినెత్తి దాకా వచ్చింది. వెలిగించమని శౌరమ్మ అగ్గిపెట్టె కోడలికిచ్చింది. అన్నేళ్ళ కాపురంలో అత్త తన పెత్తనం కోడలి చేతికివ్వడం అదే మొదలు.

ఎవరి తప్పయినా దిద్దండర్రా, కానీ వాళ్ళ తల వంచకుండా దిద్దండి. కథ కొండ దిగి ఇల్లు చేరింది, మీరిక దుప్పట్లో దూరండి.