గడప పసుపు, కుందేలు తలంటు

ఒకప్పుడు కుందేలుకి ఇప్పుడున్నంత బొచ్చు ఉండేది కాదు. కత్తిరించిన గొర్రెలా బోడిగా తిరిగేది. వానొస్తే హాయిగా తడిసేది, చెరువు కనిపిస్తే దూకేది, బాతులతో పోటీపడి ఈదేది. స్నానమంటే దానికి మహా సరదా.

చలికాలం వస్తే ఆ సరదా అంతా దిగిపోయేది. ఒక ఏడు చలికి పళ్లు టకటకలాడుతుంటే వెళ్లి బూరుగుచెట్టు కింద కూర్చుంది. దాని వణుకు చూసి చెట్టుకి జాలేసింది. ఇంకా ముదరని కాయల్ని కూడా పగలగొట్టి, దూదంతా కుందేలు మీద రాల్చింది. ఆ దూది ఒళ్లంతా అంటుకుని తెల్లటి బొచ్చయింది.

"దీన్ని నీళ్లలో మాత్రం ముంచకు. పొడిగా ఉన్నంతసేపే ఇది దుప్పటి," అంది చెట్టు.

కుందేలు సరేనంది. ఒంటి మీద కొత్త బొచ్చు ఉన్నప్పుడు ఎవరేం చెప్పినా సరేనంటారు.

ఈ కుందేలు పైడమ్మ ఇంట్లో ఉండేది. పైడమ్మ మనవరాలు నూకాలుకి అదంటే ప్రాణం. పైడమ్మ ప్రతి శుక్రవారం గడపకి పసుపు రాసి బొట్లు పెట్టేది. ఒక శుక్రవారం ఆ పసుపు ఆరకముందే కుందేలు గడప దాటింది. కొత్త బొచ్చుతో పొట్ట కిందికి దిగిందన్న సంగతి మరిచిపోయింది. గడప మీది పసుపంతా పొట్టకి వచ్చేసింది.

వాకిట్లో కోడిపుంజు అది చూసి, ఇవాళ బొట్లు కూడా నీకే పెడతారు, రా కూర్చో అంది. కుందేలుకి తల కొట్టేసినట్టయింది. గబగబా నూకాలు దగ్గరికి వెళ్లి, ఈ మరక ఎలాగైనా వదిలించమంది. చెట్టు చెప్పిన మాట మాత్రం పైకి అనలేదు. అంటే స్నానం ఎవరు చేయిస్తారు?

శుభ్రం అంటే నూకాలుకి తెలిసింది మామ్మ తనకి పోసే తలంటే. అందులో ఏ లోటూ రానివ్వలేదు. నువ్వులనూనె రాసింది. సున్నిపిండితో నలుగు పెట్టింది. కుంకుడు రసం పోసి రుద్దింది. చెంబులతో నీళ్లు గుమ్మరించింది. సాంబ్రాణి పొగ కోసం లేవబోతూ కుందేలుని చూసి ఆగిపోయింది.

బొచ్చంతా అతుక్కుపోయి అది సగమైపోయింది. ఒళ్లు చల్లబడింది. చెవులు వాలిపోయాయి, కళ్లు మూతపడుతున్నాయి. పొట్ట మీద పసుపు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

నూకాలు ఏడుపు విని పైడమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏటి సేసినావే పిల్లా?"

"తలంటు పోసినాను మామ్మా, నువ్వు నాకు పోసినట్టే. అది సచ్చిపోతాదా?"

పైడమ్మ దాన్ని చేతుల్లోకి తీసుకుంది. పాత నేతచీర చింపి కుందేలుని చుట్టింది. రుద్దకుండా మెల్లగా అద్దింది. గుడ్డ తడవగానే పొడిది మార్చింది. ఒళ్లో పెట్టుకుని తన వెచ్చదనమే దానికి ఇచ్చింది. నూకాలు గుడ్డలు అందిస్తూ, దాని ముక్కు కదులుతుందేమోనని చూస్తూ కూర్చుంది. అంత భయం ఆ పిల్లకెప్పుడూ వేయలేదు.

పొద్దు వాలేసరికి బొచ్చు ఆరి, మళ్లీ పొంగింది. ముక్కు కదిలింది. కళ్లు తెరిచాక కుందేలు చెట్టు చెప్పిన మాట బయటపెట్టింది. పైడమ్మ ఇద్దరికీ కలిపి నాలుగు చీవాట్లు పెట్టింది.

తర్వాత ముగ్గు కోసం ఉంచిన బియ్యప్పిండి చిటికెడు తెచ్చి, ముక్కుకీ కళ్లకీ తగలకుండా మరక మీద చల్లింది. వేళ్లతో మెల్లగా దువ్వింది. పిండి పచ్చబడి రాలిపోయింది. మళ్లీ చల్లింది, మళ్లీ దువ్వింది. చివరికి లేత పసుపు మిగిలింది.

"ఇంక ఒగ్గీండర్రా. ఆ బొచ్చు రాలినప్పుడు అదే పోతాది," అంది.

నూకాలుకి మనసొప్పలేదు. కుందేలు మూతి మీద దుమ్ము కనిపించింది. అదొక్కటీ తుడిచేద్దామని చెంబులో చెయ్యి ముంచింది.

మళ్లీ తలంటు పోస్తుందనుకుంది కుందేలు. ముందుకాళ్లు రెండూ గబగబా నాకి మొహమంతా రుద్దుకుంది. చెవులు కిందికి లాక్కుని వాటినీ తుడుచుకుంది.

"చూడు నూకాలూ, నా స్నానం అయిపోయింది," అంది.

నూకాలు తడి చెయ్యి తన గౌనుకే తుడుచుకుని, కుందేలుని దగ్గరికి తీసుకుంది.

అప్పటినుంచే కుందేలు పొద్దస్తమానం కాళ్లు నాక్కుని మొహం కడుక్కుంటూ ఉంటుంది. మనం దగ్గరికి వెళ్తే ఇంకాస్త తొందరపడుతుంది. మన చేతిలో చెంబు లేదని ఎంత చెప్పినా నమ్మదు.